సొమ్ము వాటాదారుది, సంతకం బోర్డుది
కంపెనీల రాజకీయ విరాళాలు, లాబీయింగ్‌పై నిఘా: ఒక సమీక్ష

1957లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ బొంబాయి హైకోర్టును ఒక అనుమతి కోరింది. కంపెనీ మెమొరాండంలో రాజకీయ పార్టీలకు చందాలిచ్చే అధికారం గురించి ఎక్కడా లేదు. ఆ అధికారాన్ని కొత్తగా చేర్చుకోనివ్వమన్నది ఆ కోరిక. ప్రభుత్వ విధానాల మీదే తన వ్యాపార భవిష్యత్తు ఆధారపడి ఉందన్నది కంపెనీ వాదన. ఒక వాటాదారు దీన్ని సవాలు చేశాడు. అప్పీలు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లా ధర్మాసనం ముందుకు వచ్చింది. చట్టంలో నిషేధం లేదు కనుక కంపెనీని ఆపలేమని చాగ్లా చెప్పారు. కానీ తీర్పు ముగించే ముందు పార్లమెంటును ఉద్దేశించి, కంపెనీల సొమ్మును పార్టీల నిధుల్లోకి వదిలితే ప్రజాస్వామ్యానికి పెద్ద ప్రమాదమని హెచ్చరించారు. దాదాపు అదే సమయంలో కలకత్తా హైకోర్టులో ఇలాంటి వ్యవహారమే విన్న జస్టిస్ పి.బి.ముఖర్జీ కూడా ఇదే ఆందోళన వెలిబుచ్చారు.

ఆ కేసులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కంపెనీ డబ్బు ప్రభుత్వాన్ని ఏం చేస్తుంది అన్నది న్యాయమూర్తుల ప్రశ్న. నా డబ్బును నన్నడగకుండా ఎవరికో ఎలా ఇస్తారన్నది వాటాదారు ప్రశ్న. మొదటిదాని మీద దాదాపు డెబ్బై ఏళ్లుగా చర్చ జరుగుతోంది. చట్టాలు మారాయి, కమిటీలు కూర్చున్నాయి, రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. రెండోదానికి మాత్రం మన చట్టం ఇప్పటికీ బదులివ్వలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత మనందరికీ తెలిసిందే. కంపెనీల చందాల చరిత్ర మొత్తం తిరగేస్తే ఆ సామెత దగ్గరే ఆగాల్సివస్తోంది. అత్తను అడిగే రోజు వస్తే తప్ప ఈ వ్యవహారం చక్కబడదన్నది ఈ వ్యాసం వాదన.

తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం

హైకోర్టుల హెచ్చరికల తర్వాత పార్లమెంటు 1960లో కంపెనీల చట్టంలో 293ఎ సెక్షన్ చేర్చింది. విరాళాన్ని నిషేధించలేదు, హద్దు గీసింది. రూ.25 వేలు, లేదా గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది ఇవ్వవచ్చు. ఇచ్చిన సంగతి లెక్కల్లో చూపాలి.

ఆ దారి ఎక్కువ కాలం తెరిచి ఉండలేదు. అవినీతి నిరోధంపై 1964లో నివేదిక ఇచ్చిన సంతానం కమిటీ కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించాలని కోరింది. రాజకీయం కూడా అప్పటికి మారుతోంది. 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ లైసెన్సులు, పర్మిట్ల విధానాన్ని ఎదిరించి వ్యాపార వర్గాల మద్దతు పొందింది. దాని తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 లోక్‌సభ సీట్లు గెలిచి ప్రతిపక్షంలో అతిపెద్ద పార్టీ అయింది. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించింది. అవినీతిని ఆపడానికా, ప్రతిపక్షానికి డబ్బు అందకుండా చేయడానికా అన్న చర్చ నాటి నుంచీ ఉంది.

నిషేధం చందాను ఆపలేదు, చెక్కును మాత్రమే ఆపింది. పార్టీలకు ప్రభుత్వం నుంచి నిధులు రావు. సభ్యత్వ రుసుములు దేనికీ చాలవు. ఎన్నికల ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంది. పరిశ్రమ పెట్టాలన్నా, విస్తరించాలన్నా సర్కారు సంతకం తప్పదు. ఈ రెండు అవసరాలు ఒకచోట కలిస్తే డబ్బు నడిచే దారి ఒక్కటే, నగదు. సూట్‌కేసు మన రాజకీయ పదకోశంలోకి వచ్చింది ఆ కాలంలోనే. 1985లో రాజీవ్‌గాంధీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసి 5 శాతం పరిమితితో విరాళాన్ని మళ్లీ అనుమతించింది. బోర్డు తీర్మానం ఉండాలి, కంపెనీకి మూడేళ్ల వయసుండాలి, ప్రభుత్వ కంపెనీ కాకూడదు అన్న షరతులు పెట్టింది. కానీ పదహారేళ్లలో స్థిరపడ్డ నగదు అలవాటు చట్టం మారినంత మాత్రాన మారలేదు.

2003 నాటి సవరణ ఈ చరిత్రలో మంచి మలుపు. హైదరాబాద్ నుంచి పనిచేసిన లోక్‌సత్తా వంటి సంస్థలు రాజకీయ నిధుల సంస్కరణ కోసం గట్టిగా ప్రచారం చేసిన కాలమది. విరాళమిచ్చే కంపెనీకి, వ్యక్తికి పూర్తి పన్ను మినహాయింపు వచ్చింది. రూ.20 వేలు దాటిన ప్రతి విరాళం వివరాన్నీ పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. బహిరంగంగా ఇచ్చేవారికి ప్రోత్సాహం, పుచ్చుకునేవారికి బాధ్యత అన్న సూత్రం సరైనదే. కానీ రూ.20 వేల లోపు మొత్తాలుగా విడగొట్టి చూపే వీలు మిగిలిపోయింది. పార్టీల ఆదాయంలో పెద్ద భాగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పద్దుగానే ఉండిపోయింది.

2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ పరిమితిని 7.5 శాతానికి పెంచింది. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో పేరుతో సహా చూపాలంది. పార్టీ సావనీరులో ప్రకటన వేయించినా విరాళంగానే లెక్క. ఉల్లంఘిస్తే ఇచ్చిన మొత్తానికి అయిదు రెట్ల దాకా జరిమానా, బాధ్యులైన అధికారులకు ఆరు నెలల దాకా జైలు. కాగితం మీద చూస్తే ఇది కట్టుదిట్టమైన చట్టమే.

చట్టం కాగితం మీదే ఎలా ఉండిపోతుందో చెప్పడానికి మరుసటి ఏడాది జరిగింది చాలు. విదేశీ సంస్థ ఆధీనంలోని కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. పార్టీలు సర్దుకోలేదు, చట్టమే సర్దుకుంది. 2016, 2018 ఆర్థిక చట్టాల ద్వారా విదేశీ మూలం అన్న నిర్వచనాన్నే 1976 నుంచి వర్తించేలా మార్చేశారు. ఈ విషయంలో అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ తేడా లేకపోయింది.

బాండ్ల ఆరేళ్లు

2017 ఆర్థిక చట్టం అంతవరకు కట్టుకొచ్చిన గట్లన్నిటినీ ఒకేసారి తెంపింది. 7.5 శాతం పరిమితి పోయింది. పార్టీ పేరు చూపాల్సిన పని లేకుండా పోయింది, మొత్తం అంకె చూపితే చాలు. వీటికి తోడు ఎలక్టోరల్ బాండ్లు వచ్చాయి. 2018 జనవరి 2న పథకాన్ని నోటిఫై చేశారు. స్టేట్ బ్యాంకులో రూ.వెయ్యి నుంచి కోటి దాకా విలువున్న బాండ్లు కొనాలి, పదిహేను రోజుల్లోగా పార్టీ వాటిని తన ఖాతాలో జమ చేసుకోవాలి. ఇచ్చింది ఎవరో పార్టీ చెప్పనక్కర్లేదు, ఎవరికిచ్చిందో కంపెనీ చెప్పనక్కర్లేదు.

పథకాన్ని సమర్థించినవారి వాదనను కొట్టిపారేయలేం. దాత పేరు బయటపడితే గెలిచిన ప్రత్యర్థి కక్ష కడతాడు, ఆ భయంతోనే దాతలు నగదు వైపు పోతున్నారు, బ్యాంకు ద్వారా డబ్బు రావాలంటే గోప్యత ఇవ్వాలి అన్నది వారి తర్కం. భయం నిజమే. ఏ ఊళ్లో చిన్న కాంట్రాక్టరును అడిగినా ఆ సంగతి చెబుతాడు. కానీ ఆ పథకం ఎవరి నుంచి ఎవరిని కాపాడింది? బాండు మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే ఒక సంఖ్య ఉందని 2018లోనే ఒక పాత్రికేయురాలు బయటపెట్టారు. కొన్నవారి వివరాలు ప్రభుత్వ బ్యాంకు దగ్గర ఉన్నాయి. కక్ష కట్టగల శక్తి ఉన్నవారికి తెలుసుకునే దారి ఉంది. ఆ శక్తి లేని ఓటరుకూ, వాటాదారుకూ మాత్రం దారి మూసుకుపోయింది. పథకం రూపుదిద్దుకుంటున్నప్పుడే రిజర్వు బ్యాంకు అభ్యంతరం చెప్పింది. విరాళాల కోసమే డొల్ల కంపెనీలు పుట్టుకొస్తాయని 2017 మేలో ఎన్నికల సంఘం లిఖితపూర్వకంగా హెచ్చరించింది. ఆ మాటలు ఎవరూ పట్టించుకోలేదు.

2024 జనవరి దాకా 30 విడతల్లో రూ.16,518 కోట్ల విలువైన బాండ్లు అమ్ముడయ్యాయి. విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. సామాన్యుడి చిన్న విరాళం కోసం ఈ ఏర్పాటు జరగలేదని ఆ ఒక్క అంకె తేటతెల్లం చేస్తోంది.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని అయిదుగురు సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. పార్టీకి నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. ఈ వ్యాసానికి సంబంధించినంత వరకు అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. వ్యక్తి ఇచ్చే విరాళంలో అభిమానమో, సిద్ధాంతమో ఉండవచ్చు. కంపెనీ ఇచ్చేది మాత్రం ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీయేనని కోర్టు తేల్చింది. వ్యక్తినీ, కంపెనీనీ ఒకే గాటన కట్టడం, నష్టాల్లో ఉన్న కంపెనీకి కూడా ఎంతైనా ఇచ్చే వీలు కల్పించడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. 7.5 శాతం పరిమితి, పేర్ల వెల్లడి మళ్లీ అమల్లోకి వచ్చాయి.

జాబితా చెప్పింది, చెప్పనిది

వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. 2024 మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలను బయటపెట్టింది. ఏ బాండు ఏ పార్టీకి చేరిందో జతపరిచే సంఖ్యలు ఆ తర్వాతి వారం వచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి లెక్క చూస్తే బీజేపీకి రూ.6 వేల కోట్లకు పైగా, తృణమూల్ కాంగ్రెస్‌కు రూ.1,600 కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు రూ.1,400 కోట్లకు పైగా అందాయి. నాలుగో స్థానం తెలంగాణను పాలించిన బీఆర్ఎస్‌ది, రూ.1,200 కోట్లకు పైగా. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి దాదాపు రూ.337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు రూ.218 కోట్లు చేరాయి.

కొన్నవారిలో రూ.1,368 కోట్లతో లాటరీ వ్యాపార సంస్థ ఫ్యూచర్ గేమింగ్ మొదటి స్థానంలో ఉంది. రూ.966 కోట్లతో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్‌ది. కాళేశ్వరం ఎత్తిపోతల నుంచి పోలవరం దాకా, కశ్మీర్ సరిహద్దుల్లోని జోజిలా సొరంగం దాకా పెద్ద ప్రభుత్వ పనులు చేసిన సంస్థ అది. ఎక్కువ విలువైన బాండ్లు అమ్ముడైన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. తెలుగు పాఠకుడికి ఇది ఢిల్లీ వార్త కాదు, ఇంటి వార్త.

ఇక్కడ కలం నిదానంగా నడవాలి. కాంట్రాక్టు తేదీ పక్కన, దర్యాప్తు సంస్థ సోదా తేదీ పక్కన బాండు తేదీ పెట్టి పత్రికలు ఎన్నో పట్టికలు వేశాయి. అనుమానించడానికి ఆ పట్టికలు చాలు, నేరాన్ని నిరూపించడానికి చాలవు. చట్టం అనుమతించిన పద్ధతిలో ఇచ్చిన విరాళం దానంతట అది నేరం కాదు. కోర్టు పర్యవేక్షణలో ప్రత్యేక దర్యాప్తు కావాలన్న అభ్యర్థనను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మామూలు చట్ట మార్గాలు ఉన్నాయని చెప్పింది.

క్విడ్‌ప్రోకో జరిగిందా లేదా అన్న ప్రశ్నలో కూరుకుపోయి మనం ఇంకొక ప్రశ్నను వదిలేశాం. ఆ జాబితాలో స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు ఎన్నో ఉన్నాయి. వాటిలో లక్షలాది మంది వాటాదారులున్నారు. 2024 మార్చి దాకా తమ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో వారిలో ఎవరికీ తెలియదు. ఓటరు చీకట్లో ఉన్నాడని కోర్టు గుర్తించింది. వాటాదారు అదే చీకట్లో, తన సొంత ఇంట్లోనే ఉన్నాడు.

ట్రస్టుల దారి

బాండ్లు పోయాక డబ్బు ఎటు మళ్లింది? చెక్కుల వైపు, విరాళాలు సేకరించి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల వైపు. ట్రస్టు ఆలోచన కొత్తది కాదు. టాటాలు 1996లోనే ఒక ట్రస్టు పెట్టి, లోక్‌సభలో బలాన్ని బట్టి పార్టీలకు పంచే పద్ధతి తెచ్చారు. ఇష్టాయిష్టాలకు తావివ్వకుండా ముందే రాసుకున్న సూత్రం ప్రకారం ఇవ్వడం అందులోని మంచి. ఉన్నవారికే మరింత అందుతుంది, కొత్త పార్టీకి ఏమీ రాదు అన్నది లోపం. 2013లో కేంద్రం ట్రస్టులకు నిబంధనలు చేసింది. ఏడాదిలో వచ్చినదాంట్లో 95 శాతం ఆ ఏడాదే పంచాలి, నగదు తీసుకోకూడదు, ఎవరిచ్చారో ఎవరికిచ్చారో చెప్పాలి.

2023-24లో ట్రస్టుల ద్వారా పార్టీలకు అందింది దాదాపు రూ.1,200 కోట్లు. 2024-25లో అది రూ.3,800 కోట్లు దాటింది. అందులో నాలుగింట మూడొంతులకు మించి కేంద్రంలో పాలక పార్టీకే వెళ్లింది. బాండ్ల కన్నా ఇది మేలే, పేర్లు బయటికి వస్తున్నాయి. అయితే ట్రస్టు నివేదికలో ఇచ్చినవారి జాబితా ఒకచోట, పుచ్చుకున్నవారి జాబితా ఇంకొకచోట ఉంటాయి. పదిమంది నీళ్లు ఒకే చెరువులో కలిశాక ఏ పొలానికి ఎవరి నీరు పారిందో చెప్పలేం. కంపెనీ వార్షిక నివేదికలో కూడా ట్రస్టుకు ఇచ్చామన్న ఒక్క మాటే మిగులుతుంది. వాటాదారుకు తెలియాల్సింది తెలియకుండానే పోతుంది.

పైరవీకి పద్దు లేదు

విరాళం గురించి ఇంత మాట్లాడే మనం లాబీయింగ్ గురించి దాదాపు మౌనంగా ఉంటాం. తెలుగులో పైరవీ అనగానే తప్పుడు పని అన్న భావం వచ్చేస్తుంది. నిజానికి ప్రభుత్వానికి తన గోడు చెప్పుకోవడం ఎవరికైనా హక్కే. పత్తి రైతు సంఘం దిగుమతి సుంకం గురించి మంత్రిని కలిస్తే అదీ లాబీయింగే. మందుల కంపెనీ ధరల నియంత్రణ గురించి అధికారికి వినతిపత్రం ఇచ్చినా లాబీయింగే. కలవడంలో తప్పులేదు. ఎవరు, ఎవరి తరఫున, దేనికోసం, ఎంత ఖర్చుపెట్టి కలిశారో ఎక్కడా నమోదు కాకపోవడంలో ఉంది తప్పు. రైతు సంఘం మంత్రిని కలిసిన ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. కంపెనీ కలిసిన సంగతి రాదు.

2012 డిసెంబరులో పార్లమెంటు అట్టుడికిన సందర్భం గుర్తుందా? భారత మార్కెట్లో ప్రవేశం సహా పలు అంశాల మీద 2008 నుంచి దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు లాబీయింగ్‌కు ఖర్చుపెట్టామని వాల్‌మార్ట్ అమెరికా చట్టం ప్రకారం అక్కడి సెనేట్‌కు వెల్లడించింది. ఆ ఖర్చు అమెరికాలో చేసింది, అక్కడి చట్టం ప్రకారం సక్రమమైనదేనని కంపెనీ వివరణ ఇచ్చింది. కేంద్రం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య విచారణ జరిపించింది, గట్టిగా ఏదీ తేలలేదు. మన చిల్లర దుకాణాల భవితవ్యంతో ముడిపడ్డ సంగతి మనకు పరాయి దేశపు రిజిస్టరు చూస్తే గాని తెలియలేదు. మన దగ్గర ఆ రిజిస్టరే లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2010లో, కార్పొరేట్ ప్రతినిధి నీరా రాడియా ఫోను సంభాషణలు బయటికి వచ్చి మంత్రి పదవుల దాకా మాటలు నడిచాయని దేశమంతా విస్తుపోయింది. వాటిలో నేరమేదీ కనబడలేదని 2022లో సీబీఐ సుప్రీంకోర్టుకు చెప్పింది. నేరం కాకపోవచ్చు. కానీ నేరం కానిదాన్ని ప్రజలు చాటుమాటు టేపుల ద్వారా తెలుసుకోవాల్సి రావడమే వ్యవస్థలోని లోపం. లాబీయింగ్ వెల్లడికి పార్లమెంటులో ప్రైవేటు సభ్యుడి బిల్లు ఒకటి వచ్చింది గాని చట్టం కాలేదు.

ఉన్నవాటిలో కొంత వెలుగు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కోరే నివేదికల్లో ఉంది. మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి నమోదిత కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో ఏడో సూత్రం ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసేటప్పుడు బాధ్యతగా, పారదర్శకంగా ఉండాలంటుంది. కంపెనీ ఏయే వాణిజ్య మండళ్లలో సభ్యురాలో చెప్పడం తప్పనిసరి. కానీ ఏ విధానం కోసం ఏ వాదన వినిపించిందో చెప్పడం మాత్రం కంపెనీ ఇష్టం. అసలు చెప్పాల్సిన మాటను ఐచ్ఛికం చేసి, ఫిక్కీలోనో, సీఐఐలోనో సభ్యత్వం ఉందన్న అందరికీ తెలిసిన మాటను తప్పనిసరి చేశారు. ఆ గడిని ఖాళీగా వదిలేసినా అడిగేవారు లేరు.

ఇంకొక రెండు పరికరాలున్నాయి. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతుంది. దాన్ని నిజంగా పాటించి, వచ్చిన అభిప్రాయాలన్నీ ప్రచురిస్తే సగం లాబీయింగ్ బహిరంగమవుతుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ లంచమిచ్చిన సంస్థను కూడా నేరస్తురాలిగా చూస్తుంది. లంచాలు జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకున్నామని కంపెనీ నిరూపించుకోవాలి. ఈ రెండిటినీ అందిపుచ్చుకున్న బోర్డులు ఎన్ని ఉన్నాయన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇతర దేశాల పాఠాలు

అమెరికాలో ఈ కథ బీమా కంపెనీలతో మొదలైంది. 1904 అధ్యక్ష ఎన్నికల్లో థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రచారానికి న్యూయార్క్ లైఫ్ సంస్థ పాలసీదారుల సొమ్ము ఇచ్చిందని మరుసటి ఏడాది విచారణలో బయటపడింది. భర్త చనిపోతే తమకు అండగా ఉంటుందని కట్టిన ప్రీమియం పార్టీ నిధికి చేరిందని తెలిసి జనం మండిపడ్డారు. ఫెడరల్ ఎన్నికల్లో కంపెనీల విరాళాలను నిషేధిస్తూ 1907లో టిల్‌మన్ చట్టం వచ్చింది. నూరేళ్ల తర్వాత, 2010లో, సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో స్వతంత్ర ఎన్నికల ప్రచారానికి కంపెనీలు ఎంతైనా ఖర్చుపెట్టవచ్చంది. తప్పు జరిగితే వాటాదారులే తమ కంపెనీని సరిదిద్దుకుంటారని భరోసా ఇచ్చింది. కానీ వాటాదారుకు సమాచారం ఇచ్చే నిబంధన రాలేదు. దాన్ని కోరుతూ పదిలక్షలకు పైగా అభిప్రాయాలు వచ్చినా, అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ అలాంటి నిబంధన చేయకుండా 2015 నుంచి బడ్జెట్ చట్టంలో షరతు పెట్టి కట్టడి చేశారు. ఫలితం ఒహాయోలో కనిపించింది. తన అణు విద్యుత్ కేంద్రాలకు రాయితీ తెచ్చుకోవడానికి ఫస్ట్ఎనర్జీ సంస్థ దాదాపు 6 కోట్ల డాలర్లను పేరు కనబడని సంఘాల ద్వారా అక్కడి శాసనసభ స్పీకరు బృందానికి చేరవేసింది. 2021లో ఆ సంస్థ 23 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది, 2023లో మాజీ స్పీకరుకు 20 ఏళ్ల జైలుశిక్ష పడింది.

అదే అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ఫెడరల్ ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్నవారు ఫెడరల్ ఎన్నికలకు విరాళమివ్వకూడదు. మన 182వ సెక్షన్‌లో అలాంటి నిషేధమే లేదు. రెండోది, 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం. మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడ ఏటా నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా లాబీయింగ్‌కు ఖర్చవుతోందని మనం చెప్పగలుగుతున్నామంటే ఆ చట్టం పుణ్యమే.

కెనడా 2007 నుంచి ఫెడరల్ స్థాయిలో కంపెనీల విరాళాలను పూర్తిగా ఆపింది, ఫ్రాన్స్ 1995లోనే ఆపింది. రెండు దేశాల్లోనూ పార్టీలకు ఏదో రూపంలో ప్రజాధనం అందే ఏర్పాటు ఉంది. అది లేకుండా నిషేధిస్తే ఏమవుతుందో 1969 మనకు నేర్పింది. ప్రభుత్వ నిధుల గురించి 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పిన మాటలు నేటికీ అటకమీదే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది బ్రిటన్ పద్ధతి. అక్కడి 2006 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదిలో 5 వేల పౌండ్లు దాటి రాజకీయ విరాళమివ్వాలంటే వాటాదారుల సభలో తీర్మానం నెగ్గాలి. అనుబంధ సంస్థల ద్వారా ఇచ్చేదీ అందులోకి వస్తుంది. విరాళమిచ్చే ఉద్దేశం లేని కంపెనీలు కూడా పొరపాటున చట్టం దాటకుండా ముందుజాగ్రత్తగా ఆ తీర్మానం పెట్టుకుంటాయి. చందా ఇవ్వాలో వద్దో అక్కడ అత్తనే అడుగుతారు.

బోర్డు గదిలో ఏముండాలి

చట్టం కోసం ఎదురుచూడకుండా కంపెనీ తనంతట తాను చేయగలిగిన పనులున్నాయి. రాజకీయ వ్యయంపై రాతపూర్వక విధానం ఉండాలి. అది వెబ్‌సైటులో అందరికీ కనిపించాలి. ప్రమోటరు ఒక్కరి నోటిమాట మీద కాకుండా స్వతంత్ర డైరెక్టర్లున్న కమిటీ ముందు ప్రతి విరాళం కారణంతో సహా చర్చకు రావాలి. ప్రభుత్వ టెండరు, అనుమతి, దర్యాప్తు పెండింగులో ఉన్న కాలంలో ఇవ్వకూడదన్న నియమం పెట్టుకోవాలి. వాణిజ్య మండలికి కట్టే చందాలో ఎంత భాగం లాబీయింగ్‌కు పోతోందో, ఆ మండలి వాదన కంపెనీ బహిరంగంగా చెప్పే విలువలకు సరిపోతోందో ఏటా చూసుకోవాలి. పర్యావరణం గురించి వార్షిక నివేదికలో అందమైన పేజీలు వేసి, మండలి ద్వారా కాలుష్య నిబంధనలు సడలించమని కోరడం మోసమే. అమెరికాలో పెద్ద కంపెనీల రాజకీయ పారదర్శకతకు 2011 నుంచి ఏటా మార్కులు వేసే సూచీ ఉంది. చట్టం బలవంతం లేకపోయినా, మార్కులు పడుతున్నాయన్న స్పృహతోనే చాలా కంపెనీలు వెల్లడి మొదలుపెట్టాయి.

పార్లమెంటు చేయాల్సినవీ లెక్కకు మించి లేవు. విరాళానికి వాటాదారుల తీర్మానం తప్పనిసరి చేయాలి. ఇచ్చిన నెలరోజుల్లో పేరు, మొత్తం వెల్లడించాలి, ఎన్నికలయ్యాక కాదు. ట్రస్టు ద్వారా ఇచ్చినా ఏ దాత సొమ్ము ఏ పార్టీకి చేరిందో జతపరచాలి. ప్రభుత్వ కాంట్రాక్టులున్న సంస్థలు, అవి కేంద్రానివైనా రాష్ట్రానివైనా, విరాళమివ్వకుండా ఆపాలి. పరిమితిని కంపెనీకొకటిగా కాక మొత్తం గ్రూపుకు లెక్కించాలి. లాబీయింగ్‌కు రిజిస్టరు పెట్టాలి. మంత్రులు, ఉన్నతాధికారులు ఎవరెవరిని కలిశారో ఆ వివరాలు అందులో చేరాలి.

వాటాదారును అడిగితే ఏం లాభం, ప్రమోటరు చేతిలోనే సగానికి పైగా వాటా ఉంటుంది కదా అనవచ్చు. ఆ అభ్యంతరంలో నిజముంది. అందుకే ఈ తీర్మానంలో ప్రమోటరు ఓటును పక్కనపెట్టి మిగతా వాటాదారుల మెజారిటీ చూడాలి. సంబంధిత పక్షాల లావాదేవీల్లో సెబీ ఇప్పటికే ఇలాంటి పద్ధతి పాటిస్తోంది. ప్రమోటరు వ్యాపారానికీ ప్రభుత్వానికీ నడుమ నడిచే సొమ్ముకు అంతకన్నా తక్కువ జాగ్రత్త ఎందుకు?

1957లో కంపెనీ వాటాదారు అంటే బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండే నలుగురు. ఇప్పుడు దేశంలో డీమ్యాట్ ఖాతాలు 19 కోట్లు దాటాయి. మ్యూచువల్ ఫండులో నెలకు అయిదు వందలు కట్టే ఖమ్మం టీచరమ్మ వాటాదారే. పెద్ద కంపెనీలెన్నిటిలోనో ఎల్ఐసీకి వాటా ఉంది కనుక, కూతురి పెళ్లి కోసం పాలసీ కట్టే తెనాలి రైతు సొమ్మూ అక్కడ ఉంది. ఆయన ఓటు ఒక పార్టీకి వేయవచ్చు, ఆయన ప్రీమియం సొమ్ము ఇంకో పార్టీ ఖాతాకు చేరి ఉండవచ్చు. 1905లో న్యూయార్క్ పాలసీదారులకు కోపం తెప్పించిన విషయం ఇదే.

బొంబాయి హైకోర్టులో ఆ వాటాదారు ఓడిపోయాడు. కంపెనీని కాదనే అధికారం చట్టం తమకివ్వలేదని న్యాయమూర్తులు నిజాయతీగా చెప్పి, బంతిని పార్లమెంటు చేతిలో పెట్టారు. ఆ తర్వాత పార్లమెంటు విరాళానికి హద్దు గీసింది, ఆపింది, మళ్లీ తెరిచింది, దాచిపెట్టింది. వాటాదారును మాత్రం ఒక్కసారీ అడగలేదు. వచ్చే సారి కంపెనీ వార్షిక సభ నోటీసు వస్తే చదవకుండా పక్కన పడేయకండి. ఈ ఏడాది ఏ పార్టీకి ఎంత ఇచ్చారు, ఎందుకిచ్చారు అని ఒక్క ప్రశ్న రాసి పంపండి. ప్రశ్న అడిగే హక్కు మీకు ఇప్పటికే ఉంది. ఆ ప్రశ్నలు వేలల్లో పోగుపడిన రోజున, 1957లో ఓడిన మనిషికి పార్లమెంటు బదులు చెప్పక తప్పదు.